కుట్టు మిషన్లు కొనకముందు సంఘం తేల్చుకోవలసిన లెక్కలు

వందనాలు. మీరు అడిగినది క్లుప్తంగా ఇది: బాపట్ల దగ్గరి ఒక పల్లె క్రైస్తవ సంఘానికి మీరు కోశాధికారి. సంఘస్థుల పిల్లల్లో విదేశాల్లో ఉన్నవారు కలిసి ఎనిమిది లక్షల రూపాయలు ఇస్తామన్నారు. ఆ డబ్బుతో ముప్ఫై మంది స్త్రీలకు కుట్టు మిషన్లు ఇచ్చి, యౌవనస్థులకు ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం పెట్టి, ఈ పనికోసం ఒక సేవాసంస్థను రిజిస్టర్ చేయించి, క్రిస్మస్ నాటికి పంపిణీ ముగించాలని పెద్దలు అనుకుంటున్నారు. ఇందువల్ల కుటుంబాలు నిజంగా సొంత కాళ్ల మీద నిలబడతాయా అన్నది మీ సందేహం. కోస్తా జిల్లాల్లో ఒక క్రైస్తవ సేవాసంస్థ తరఫున కుటుంబాల జీవనోపాధి పనిని చాలా ఏళ్లు చూసిన వ్యక్తిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పద్ధతిలో నిలబడవు. ఆ కుటుంబానికి ఏ వస్తువు ఇవ్వాలన్నది చివరన తేలవలసిన విషయం. ఆ ఇంటికి ఎవరి దగ్గర ఎంత అప్పు ఉంది, ఆ ఇంట్లో తయారయ్యేదాన్ని ఎవరు ఏ ధరకు కొంటారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతే డబ్బు బయటికి తీయాలి.

మొదట మిషన్ల సంగతి చూద్దాం. మీ ఊరిలో ఇప్పటికే ఎంతమంది జాకెట్లు కుడుతున్నారో, పెళ్లిళ్ల నెలల్లో వారికి ఎంత పని ఉంటుందో, ఆషాఢంలో ఎంత ఉంటుందో ఒక వారం పాటు తిరిగి కనుక్కోండి. సాధారణంగా ఒక పల్లెలో కటింగ్ బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురి దగ్గరే గిరాకీ అంతా ఉంటుంది. మూడు నెలల శిక్షణ పొందినవారికి ఫాల్స్ కుట్టడం, చిరుగులకు మాసికలు వేయడం, లంగాలు కుట్టడం వంటి పని మాత్రమే మిగులుతుంది. అలాంటి చోటికి ఒకేసారి ముప్ఫై మిషన్లు వస్తే, కొత్తవారికి పని దొరకకపోవడం ఒక్కటే కాదు, ఇప్పటివరకు ఆ పనితోనే ఇల్లు గడుపుకొంటున్న ఒంటరి స్త్రీ కూడా కూలి తగ్గించుకోవలసి వస్తుంది. సాయం చేయబోయి ఒక కుటుంబాన్ని కిందికి లాగినట్లవుతుంది. ఆరు నెలల తరువాత వెళ్లి చూస్తే, మిషన్ మీద మడత పెట్టిన దుప్పట్లు కనబడతాయి. కొన్ని ఇళ్లలో మిషన్ కూడా కనబడదు, ఎందుకంటే అది తాకట్టుకు వెళ్లి ఉంటుంది.

తాకట్టుకు వెళ్లిందంటే ఆ స్త్రీని తప్పుపట్టడానికి లేదు. ఆ ఇంటి జమాఖర్చు కాగితం మీద పెడితే కారణం దానంతట అదే బయటపడుతుంది. నేను చూసిన ఇళ్లకు నమూనాగా ఒక ఇంటిని తీసుకోండి. భర్త తాపీ పనికి వెళతాడు, భార్య పొలం పనికి, సీజనులో పొగాకు గ్రేడింగుకు వెళుతుంది. ఇద్దరి సంపాదన కలిపి నెలకు సగటున పద్నాలుగు వేలు. డ్వాక్రా వాయిదా, వారం వారం కట్టే ఒక ఫైనాన్సు కంపెనీ వాయిదా, పెద్దమ్మాయి ఆపరేషనుకు ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన యాభై వేలు, బ్యాంకులో ఉన్న రెండు గాజులు. వాయిదాలకు, వడ్డీలకే ఎనిమిది తొమ్మిది వేలు పోతాయి. ఆ యాభై వేల మీద వడ్డీయే నెలకు పదిహేను వందలు. అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. అదే మొత్తాన్ని మహిళా సంఘం ద్వారానో బంగారం మీద బ్యాంకు నుంచో రూపాయి వడ్డీకి మార్పించగలిగితే, ఏ కొత్త పనీ చేయకుండానే ఆ ఇంటికి నెలకు వెయ్యి రూపాయలు మిగులుతాయి. కొత్తగా నేర్చిన కుట్టుపనితో, గిరాకీ సరిగా లేని ఊరిలో, నెలకు వెయ్యి రూపాయలు మిగలడం ఎంత కష్టమో ఆ పని చేసేవారిని అడగండి. మిషన్ ఖరీదు కన్నా తక్కువ ఖర్చుతో, ఒక మనిషి బ్యాంకుకు రెండుసార్లు తోడు వెళ్లడంతో జరిగే పని ఇది. అయితే దీనికి వేదిక మీద ఫొటో రాదు.

వస్తువు ఇచ్చినంత మాత్రాన సరిపోదన్నది నా ఒక్కడి అనుభవం కాదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో ఒక పద్ధతి ప్రారంభించింది. అతి పేద కుటుంబానికి పశువో చిన్న వ్యాపారమో ఇచ్చి, దానితోపాటు కొన్ని నెలల తిండి ఖర్చు, శిక్షణ, పొదుపు, వారం వారం ఇంటికి వచ్చి చూసే మనిషి, ఇవన్నీ దాదాపు రెండేళ్లపాటు కలిపి అందించే పద్ధతి అది. పశ్చిమ బెంగాల్‌లో బంధన్ సంస్థ ఇదే చేస్తే ఫలితం బాగా వచ్చింది, చాలా ఏళ్ల తరువాత కూడా ఆ కుటుంబాల్లో అది నిలిచింది. మన మెదక్ జిల్లాలో ఎస్‌కేఎస్ సంస్థ ఇదే పద్ధతిని అమలు చేసినప్పుడు మాత్రం, 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం నికరంగా ప్రయోజనం కనిపించలేదు. సాయం అందిన కుటుంబాలకు పశువుల మీద ఆదాయం వచ్చింది, కాని వాటిని చూసుకోవడానికి వారు కూలి పని తగ్గించుకున్నారు. అదే కాలంలో ఆ ప్రాంతంలో కూలి రేట్లు పెరగడంతో, సాయం అందని కుటుంబాలు కూలితోనే అంత సంపాదించుకున్నాయి. పశువులను అమ్మి అప్పు తీర్చుకున్నవారూ ఉన్నారు. ఒక పద్ధతి ఒకచోట ఫలించి మరొకచోట విఫలమైనప్పుడు, ఆ ఊరి కూలి, ఆ ఊరి అప్పు, ఆ ఊరి సంత ఎలా ఉన్నాయో చూడకుండా పథకం వేయకూడదని అర్థం. మీ వైపు పొగాకు, మిరప కోతల సీజనులో స్త్రీల కూలి ఎంత పలుకుతోందో తెలుసుకోకుండా, వారిని ఇంట్లో మిషన్ ముందు కూర్చోబెట్టే ఆలోచన చేయకండి.

క్రైస్తవ సేవకు సంబంధించి మన గోదావరి జిల్లాల్లోనే ఇంతకన్నా పాత పాఠం ఒకటి ఉంది. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లికలు పేద క్రైస్తవ స్త్రీలకు పొట్టకూటి కోసం మిషనరీ కుటుంబాల స్త్రీలు 19వ శతాబ్దంలో నేర్పినవి. ఉద్దేశం మంచిది, నేర్పిన పని నాణ్యమైనది, ఆ లేసు విదేశాలకు వెళ్లింది, క్రమంగా ఇతర కులాల స్త్రీలూ ఆ పని అందుకున్నారు. అయితే 1970ల చివరలో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఆ ఊళ్లలో పరిశోధన చేసినప్పుడు తేలినదేమిటంటే, ఏజెంటు దారం ఇచ్చి ముక్కల లెక్కన కూలి కట్టి తీసుకుపోయే ఆ ఏర్పాటులో, రోజంతా అల్లినా పొలం కూలి కన్నా చాలా తక్కువే చేతికి వచ్చేది. ఎగుమతిదారులు బాగుపడ్డారు. అల్లిన స్త్రీని ఇంట్లో తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణిగా చూశారు తప్ప, ఆమెను కార్మికురాలిగా ఎవరూ లెక్కించలేదు. నూరేళ్లకు పైగా నడిచిన పరిశ్రమ, వేల కుటుంబాలకు పని ఇచ్చిన పరిశ్రమ, అల్లేవారిని మాత్రం పేదరికం నుంచి బయటపడేయలేకపోయింది. నైపుణ్యం వారిది, కాని కొనేవాడితో ధర మాట్లాడే హక్కు వారి చేతిలో లేదు. మీరు కుట్టు నేర్పదలిస్తే, నేర్పే టీచరు కన్నా ముందు కొనే షాపును వెతకండి. చీరాలలో రెడీమేడ్ నైటీలు, లంగాలు జాబ్‌వర్కుకు ఇచ్చేవారు ఎవరు, డజనుకు ఎంత ఇస్తారు, ఆలస్యమైతే ఎంత కోస్తారు అన్నది ముప్ఫై మంది కాకపోయినా ఆరుగురు స్త్రీలు స్వయంగా వెళ్లి మాట్లాడి రావాలి. పెద్దలు వెళ్లి మాట్లాడితే ఆ బేరం పెద్దలకే తెలుస్తుంది.

బాపట్ల దగ్గరివారు కాబట్టి స్టువర్టుపురం గురించి కూడా చెప్పాలి. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించిన బ్రిటిష్ నాటి నేరస్థ తెగల చట్టం కింద ముద్ర పడిన ఎరుకల కుటుంబాల కోసం 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ అక్కడ సెటిల్‌మెంటు నడపడం మొదలుపెట్టింది. భూమి, బడి, చీరాల పొగాకు కంపెనీలో పని, అన్నీ ఏర్పడ్డాయి. వాటితోపాటు హాజరు పట్టీ, అనుమతి లేనిదే బయటికి వెళ్లకూడదన్న కట్టడి కూడా ఉన్నాయి. పని దొరికినా, ఏ పని చేయాలో, ఎక్కడ ఉండాలో తేల్చుకునే స్వేచ్ఛ ఆ కుటుంబాలకు లేదు. ఆ చట్టం 1952లో రద్దయిన తరువాత కూడా ఊరి పేరు మీద ముద్ర పోలేదు. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు, వారు నాస్తికులు, అక్కడికి వెళ్లి మళ్లీ మొదటి నుంచి ఆ కుటుంబాలతో కూర్చుని పని చేయవలసి వచ్చింది. సాల్వేషన్ ఆర్మీ చేసిన మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ప్రభుత్వం చేతిలోని కర్రతో నడిచిన సేవకు ఎంత హద్దు ఉంటుందో మీ పక్కనే కనిపిస్తోందని చెప్పడానికే ఇది ప్రస్తావించాను. మీ సంఘం చేతిలో ప్రభుత్వ కర్ర లేదు, నిజమే. కాని ఆదివారం ఆరాధనకు రానివారి పేరు జాబితా నుంచి తీసివేయడం కూడా అలాంటి కర్రే.

అందుకే కుటుంబాల ఎంపికను పాస్టరుగారి సిఫారసు మీద వదలకండి. ఆయన మంచివారు కాకపోవడం కారణం కాదు; సాయం ఎవరికి రాలేదో వారి మనసులోని బాధ ఆయన బోధ మీద పడుతుంది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు ఆ పని తమ చేతిలో పెట్టుకోకుండా ఏడుగురిని వేరే ఏర్పరచమన్నారు. (మన సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కూడా కనీసం ఏడుగురు ఉండాలంటుంది. ఆ ఏడుగురూ పాస్టరుగారు, అమ్మగారు, బావమరిది వరుసలోనే ఉండటం మనం చాలాచోట్ల చూస్తున్నదే.) మీ ఏడుగురిలో కనీసం ముగ్గురు స్త్రీలు, సంఘానికి బయటి వ్యక్తి ఒకరు, అంగన్‌వాడీ టీచరో రిటైరైన బ్యాంకు ఉద్యోగో, ఉండేలా చూడండి. ఎంపికయ్యే కుటుంబాల్లో మీ సంఘానికి చెందనివారు కూడా ఉండాలి. ఈ మాట మీ పెద్దలకు మింగుడుపడకపోవచ్చు, కాని సాయాన్ని విశ్వాసానికి ముడిపెడితే ఆ రెండూ చెడిపోతాయి.

ఇక ఎనిమిది లక్షలతో ఏం చేయవచ్చో నా లెక్క చెబుతాను. ముప్ఫై కాదు, పది కుటుంబాలు. ఒక రోజు కాదు, రెండేళ్లు. ఆ ఊరి మనిషినే, పదో తరగతి దాటిన, లెక్క రాయగలిగిన ఒక స్త్రీని నెలకు పన్నెండు వేల గౌరవ వేతనం మీద పెట్టుకుంటే రెండేళ్లకు రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు అవుతుంది. జీతానికే ఇంత పోతుందా అని పెద్దలు అడుగుతారు. ఫలితం వచ్చిన చోట ఇలా ఇంటింటికీ వెళ్లి చూసే మనిషి ఉన్నారని వారికి చెప్పండి. ఆమె పని వారానికి ఒకసారి ప్రతి ఇంటికి వెళ్లి, వచ్చినది పోయినది రాయించడం, ఏ అప్పు ముందు తీర్చాలో కూర్చుని మాట్లాడటం, ఆధారు తప్పుగా ఉంటే మీ సేవకు తోడు వెళ్లడం, వితంతు పింఛను ఆగిపోతే సచివాలయంలో అడగడం. ఒక్కో కుటుంబానికి పాతిక వేల చొప్పున రెండున్నర లక్షలు కేటాయించండి, కాని అది ఏ రూపంలో అన్నది మొదటి మూడు నెలల జమాఖర్చు చూసిన తరువాత ఆ కుటుంబమే చెప్పాలి. ఒకరికి అది వడ్డీ అప్పు మార్పిడికి మార్జిను డబ్బు కావచ్చు, మరొకరికి గేదె, ఇంకొకరికి తోపుడు బండి, నిజంగా కటింగ్ వచ్చిన ఒకరిద్దరికి మిషన్ కూడా కావచ్చు. యౌవనస్థులకు లక్షన్నర. మిగిలే లక్షా పన్నెండు వేలు ఎవరూ ముట్టుకోకూడని ఆసుపత్రి నిధి, ఎందుకంటే కోలుకుంటున్న కుటుంబాన్ని తిరిగి అప్పులోకి తోసేది చాలాసార్లు ఒక జ్వరమో ఒక కాన్పో.

కుటుంబం తన వంతు కూడా పెట్టాలి, ఎంత చిన్నదైనా సరే. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1912 తరువాత ఆ ప్రాంతపు అతి పేద సంఘాల్లో, వంట చేసేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి కానుకగా పక్కన పెట్టే అలవాటును ఎంతగా ప్రోత్సహించారో మన సంఘాల్లో పెద్దవారికి తెలుసు. పేదవారు తీసుకునేవారు మాత్రమే కాదన్న నమ్మకం మీదే అది నిలిచింది. నెలకు వంద రూపాయలైనా ఆ కుటుంబం పేరున పొదుపు ఖాతాలో పడుతూ ఉండటం తప్పనిసరి చేయండి. సంఘం ఖాతాలో కాదు, వారి పేరున.

ప్రభుత్వ పథకాలతో వచ్చేదాన్ని దాత డబ్బుతో కొనకండి. ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది, అర్హత ఉన్నవారికి పదిహేను వేల రూపాయల వరకు పనిముట్ల సాయం, మొదట లక్ష, తరువాత రెండు లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం దొరుకుతాయి. బ్యాంకులు జిల్లాల్లో నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో కుట్టు, మొబైలు రిపేరు, ఏసీ మెకానిజం వంటివి భోజన వసతితో ఉచితంగా నేర్పుతారు. అలాంటప్పుడు మీరు పది కంప్యూటర్లు కొని వేరే కేంద్రం పెట్టడంలో అర్థం లేదు. కులధ్రువీకరణ పత్రాల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాల వారు మన దగ్గర వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ-సీ) కిందికి, 1 శాతం రిజర్వేషను కిందికి వస్తారు కాబట్టి, ఒకే పేటలో ఇద్దరికి వేరువేరు కార్పొరేషన్ల గడప తొక్కవలసి ఉంటుంది. క్రైస్తవ మైనారిటీల ఆర్థిక సంస్థ కూడా ఉంది. ఎవరి పత్రం ఏమిటో వారే చెప్పాలి. ఏమని రాయించుకోవాలో సంఘం నేర్పకూడదు.

యౌవనస్థుల విషయంలో కంప్యూటర్ కోర్సు కన్నా ముందు ఒక పని చేయండి. ఇంటరు, డిగ్రీ, నర్సింగు, పాలిటెక్నిక్ చదివి ఖాళీగా ఉన్న పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఉద్యోగం ఎక్కడ ఆగిపోయిందని అడగండి. ఎమ్మెస్ ఆఫీసు రాకపోవడం వల్ల ఆగిందని చెప్పేవారు తక్కువ. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపిందని ఒకరు చెబుతారు. (అలా ఆపడానికి వీల్లేదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, స్పష్టంగా చెప్పినా ఆపేవారు ఆపుతూనే ఉన్నారు.) విజయవాడలో ఉద్యోగం వచ్చింది గాని మొదటి జీతం వచ్చేదాకా హాస్టలుకు, తిండికి డబ్బు లేక వెనక్కి వచ్చేశానని మరొకరు చెబుతారు. నర్సింగు పూర్తయి కౌన్సిల్ రిజిస్ట్రేషను చేయించుకోని అమ్మాయి ఉంటుంది. లారీ బాగా నడిపినా హెవీ లైసెన్సు లేని కుర్రవాడు ఉంటాడు. ఇవన్నీ ఐదు వేల నుంచి పదిహేను వేల లోపు తెగే ముడులు. లక్షన్నరతో ఇలాంటివారు పది పన్నెండు మంది దారిలో పడతారు. ఇచ్చిన మొత్తాన్ని ఉద్యోగం వచ్చిన తరువాత చిన్న వాయిదాల్లో తిరిగి నిధికి కట్టాలన్న ఒప్పందం పెట్టండి, వడ్డీ లేకుండా. కట్టినవారి డబ్బుతో తరువాతి ఏడు ఇంకొందరికి దారి దొరుకుతుంది. తాగుడు అలవాటైన కుర్రవాళ్ల సంగతి వేరు; దానికి డీ-అడిక్షను కేంద్రంతో కలిసి పని చేయాలి, డబ్బు చేతికి ఇవ్వకూడదు.

చివరిది, మీరు అడగనిది, కాని అన్నిటికన్నా ముందు తేలవలసినది, ఆ ఎనిమిది లక్షలు ఎవరివి అన్నది. దాతల్లో భారత పాస్‌పోర్టు ఉన్నవారు, కువైట్‌లో నర్సులుగా ఉన్న మీ ఊరి అమ్మాయిల వంటివారు, తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, మన పేటలోనే పుట్టినా, చట్టం దృష్టిలో విదేశీయులే. వారి డబ్బు తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషను గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. రిజిస్ట్రేషనుకు సాధారణంగా సంస్థ మూడేళ్లు పని చేసి, ఆ మూడేళ్లలో తన ఉద్దేశాల మీద పదిహేను లక్షలు ఖర్చు చేసి ఉండాలి. కొత్త సంస్థకు అది సాధ్యం కాదు. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, రిజిస్ట్రేషను ఉన్న పెద్ద సంస్థ ద్వారా తెప్పించి మీకు బదిలీ చేయించుకోవడం కూడా కుదరదు. బంధువు ఖాతాకు పంపించి అక్కడి నుంచి సంఘం పనికి వాడే దారి ఎవరైనా సూచిస్తే వినకండి. నలుగురి మేలు కోసం చేసినా అది చట్టవిరుద్ధమే, రేపు సంజాయిషీ ఇచ్చుకోవలసింది కోశాధికారిగా మీరే. దాతల పేర్లు, వారి పౌరసత్వం రాసుకుని ఈ నెలలోనే ఒక చార్టర్డ్ అకౌంటెంటును కలవండి. భారత పౌరుల వంతు నాలుగు లక్షలే తేలితే, పది కుటుంబాలకు బదులు ఐదు కుటుంబాలతో మొదలుపెట్టండి. పంపిణీ సభ మాత్రం ఈ క్రిస్మస్‌కు వద్దు. ఈ డిసెంబరుకు ఆ ఐదు ఇళ్ల జమాఖర్చు మూడు నెలలు రాసి ఉంటే అంతే చాలు.